జర్మనీకి మాస్టర్స్‌కి వస్తున్నారా? బ్యాగ్ సర్దే ముందు గది సంగతి చూసుకోండి

ఆగస్టు సెప్టెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే రకం మెసేజ్‌లు వస్తాయి. "అన్నా అడ్మిట్ వచ్చింది, వీసా కూడా వచ్చేసింది, అక్టోబర్‌లో ఫ్లైట్, మీ దగ్గర రూమ్ ఏమన్నా ఉంటే చెప్పు అన్నా" అని. చదివిన ప్రతిసారీ కంగారు పుడుతుంది, ఎందుకంటే ఆ తమ్ముడో చెల్లెలో మన సర్టిఫికెట్లు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ కాగితానికి ఆరు నెలలు తిరిగి ఉంటారు, లోన్ కోసం బ్యాంక్ చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఉంటారు, గది మాత్రం ఆఖరి వారానికి వదిలేసి ఉంటారు. మనకి అలవాటు అలాంటిది మరి, అమీర్‌పేట్‌లోనో ఎస్సార్ నగర్‌లోనో బ్యాగ్ భుజాన వేసుకుని దిగితే సాయంత్రానికి ఏదో ఒక హాస్టల్‌లో బెడ్ దొరికేస్తుంది. ఇక్కడ అలా దొరకదు. నేను కూడా మొదటి మూడు వారాలు ఒక సీనియర్ గదిలో నేల మీద పడుకున్నా, అందుకే వివరంగా రాస్తున్నా.

ముందు ఒక విషయం అర్థం చేసుకోండి. జర్మనీలో అడ్రస్ లేకపోతే ఏ పనీ ముందుకి కదలదు. అడ్రస్ ఉంటేనే ఊరి ఆఫీసులో ఆన్‌మెల్డుంగ్ అనే రిజిస్ట్రేషన్ అవుతుంది, ఆ కాగితం ఉంటేనే ట్యాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది, చాలా బ్యాంకులు అదే అడుగుతాయి, రెసిడెన్స్ పర్మిట్‌కీ అదే కావాలి. అంటే గది అనేది తల దాచుకోవడానికి మాత్రమే కాదు, మిగతా పనులన్నీ దాని వెనకే నడుస్తాయి.

అప్లై చేసే రోజు నుంచే మొదలుపెట్టండి

మన దగ్గర కాలేజీ హాస్టల్ అంటే కాలేజీదే కదా. ఇక్కడ యూనివర్సిటీ మీకు సీటు ఇస్తుంది అంతే, హాస్టల్ దాని చేతిలో ఉండదు. స్టూడెంట్ హాస్టళ్ళు, మెన్సా అనే క్యాంటీన్లు చూసుకునేది స్టుడీరెండెన్‌వెర్క్ అనే వేరే సంస్థ. దేశం మొత్తం మీద ఇవి 57 ఉన్నాయి, ఒక్కోటి ఒక ఊరినో ఒక ప్రాంతాన్నో చూసుకుంటుంది. అడ్మిట్ మెయిల్ వచ్చింది కదా హాస్టల్ కూడా వచ్చేసినట్టే అనుకుని కూర్చున్న వాళ్ళు నాకు ప్రతి ఏడాది తగులుతున్నారు. దీనికి వేరే వెబ్‌సైట్, వేరే అప్లికేషన్, వేరే వెయిటింగ్ లిస్ట్.

మీరు ఏ ఏ ఊళ్ళకి అప్లై చేస్తున్నారో ఆ ఊరి స్టుడీరెండెన్‌వెర్క్ సైట్ ఓపెన్ చేసి అడ్మిట్ రాకముందే అప్లై చేయొచ్చా లేదా చూడండి. కొన్ని చోట్ల చేయనిస్తారు, అడ్మిట్ లెటర్ మాత్రం వచ్చాక పెడితే చాలంటారు. అలాంటి చోట ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు, సీటు రాకపోతే క్యాన్సిల్ చేసుకోవచ్చు. కొన్ని చోట్ల అడ్మిట్ ఉంటేనే తీసుకుంటారు, అక్కడ మెయిల్ వచ్చిన రాత్రే ఫామ్ నింపేయండి. ఫామ్‌లో ఏ రకం గది కావాలని అడిగితే మనవాళ్ళు బాత్రూమ్ వంటగది అన్నీ లోపలే ఉన్న సింగిల్ అపార్ట్‌మెంట్ ఒక్కదానికే టిక్ పెడతారు, అందరూ అడిగేది అదే కాబట్టి దానికే ఎక్కువ రోజులు పడుతుంది. అన్నిటికీ టిక్ పెట్టండి. కారిడార్‌లో పది మందికి ఒక కిచెన్ ఉండే గదైనా సరే, ముందు ఒక అడ్రస్ దొరకనివ్వండి, ఆ తర్వాత మారొచ్చు. ఇంకో మాట, కొన్ని ఊళ్ళలో లిస్ట్‌లో పేరు ఉండాలంటే మధ్యమధ్యలో మెయిల్‌లో వచ్చే లింక్ నొక్కి నేనింకా వెతుకుతున్నా అని కన్ఫర్మ్ చేయాలి. ఆ మెయిల్ స్పామ్‌లోకి పోతే పేరు ఎగిరిపోతుంది, కాబట్టి వారానికోసారి స్పామ్ కూడా చూస్తూ ఉండండి.

ఊరిని బట్టి కథ మొత్తం మారిపోతుంది. చెమ్నిట్జ్, మాగ్డెబర్గ్, కాట్‌బస్, ఇల్మెనావ్ లాంటి తూర్పు వైపు ఊళ్ళలో హాస్టల్ గది తొందరగా దొరుకుతుంది, అద్దె కూడా తక్కువే. మ్యూనిక్ అయితే వెయిటింగ్ సెమిస్టర్లలో లెక్క. అక్కడ 1972 ఒలింపిక్స్ కోసం కట్టిన ఒలింపిక్ విలేజ్‌లోనే స్టూడెంట్ల గదులు, చిన్న చిన్న బంగ్లాలు ఉన్నాయి, చూడముచ్చటగా ఉంటాయి, కానీ అవి దొరుకుతాయని నమ్ముకుని మాత్రం ఫ్లైట్ ఎక్కొద్దు. బయట షేరింగ్ ఫ్లాట్‌లో ఒక్క గదికే మ్యూనిక్‌లో 700, 800 యూరోలు అడుగుతారు, చిన్న ఊళ్ళలో 300 చుట్టుపక్కల దొరుకుతుంది. రెండు యూనివర్సిటీల నుంచి అడ్మిట్ వచ్చి, కోర్సులు రెండూ దాదాపు ఒకటే అయితే, ఊరి అద్దె చూసి నిర్ణయించుకోమనే నేను చెప్తా. ర్యాంకింగ్‌లో నలభై స్థానాలు పైనుందని వెళ్ళి నెలకి 400 యూరోలు ఎక్కువ కడితే రెండేళ్ళకి అది తొమ్మిది వేల ఆరు వందల యూరోలు, ఆ డబ్బు ఇంట్లో వాళ్ళు ఎలా కూడబెట్టారో మీకు తెలుసు.

బయట గది వెతికేటప్పుడు

హాస్టల్ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకుండా పక్కన ఇంకో దారి కూడా నడపండి. ముగ్గురు నలుగురు కలిసి ఫ్లాట్ పంచుకోవడాన్ని ఇక్కడ డబ్ల్యూజీ అంటారు, జర్మన్‌లో వేగే అని పలుకుతారు. డబ్ల్యూజీ గెజూక్ట్ అనే సైట్‌లో రోజూ పోస్టులు పడుతుంటాయి. మెసేజ్ పెట్టేటప్పుడు "హాయ్, ఈజ్ ఇట్ అవైలబుల్" అని పెట్టకండి, ఎవరూ రిప్లై ఇవ్వరు. మీరు ఎవరు, ఏం చదవబోతున్నారు, ఎప్పటి నుంచి కావాలి, వంట చేస్తారా, శుభ్రంగా ఉంటారా అని పది లైన్లు వీలైతే జర్మన్‌లో రాయండి, ఆ ఫ్లాట్ గురించి వాళ్ళు రాసినదాంట్లో ఒక మాట మీరు కూడా ఎత్తండి. వంద మెసేజ్‌లు పెడితే ఐదారు రిప్లైలు వస్తాయి, దానికి దిగులు పడక్కర్లేదు, అందరికీ అంతే. తర్వాత వీడియో కాల్‌లో మాట్లాడతారు, ఆ ఇంట్లో వాళ్ళందరికీ మీరు నచ్చాలి, దాదాపు పెళ్ళిచూపులే.

మనవాళ్ళకి బాగా పనికొచ్చేది త్స్విషెన్‌మీటె. అంటే ఎవరో ఇంటర్న్‌షిప్‌కి వేరే ఊరికో, సెలవులకి ఇంటికో వెళ్తూ తమ గదిని మూడు నాలుగు నెలలకి ఇచ్చి వెళ్తారు. సామాన్లన్నీ లోపలే ఉంటాయి, మంచం కొనక్కర్లేదు. ఆ మూడు నెలల్లో ఇక్కడే ఉండి స్వయంగా తిరిగి చూసుకుంటూ అసలు గది వెతుక్కోవచ్చు, ఇండియా నుంచి వెతకడం కన్నా ఇది పది రెట్లు తేలిక. ఒక్కటి మాత్రం ముందే అడగండి, ఈ అడ్రస్ మీద ఆన్‌మెల్డుంగ్ చేసుకోనిస్తారా అని. కుదరదు అంటే అద్దె ఎంత తక్కువైనా వదిలేయండి. ఆన్‌మెల్డుంగ్‌కి ఓనర్ సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ అనే కాగితం కావాలి, పేరు పొడుగే గానీ ఒక్క పేజీ అంతే, ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి ఈ ఇంట్లో ఉంటున్నారు అని.

ఇప్పుడు మోసాల సంగతి. నాతో పాటు వచ్చిన ఒక ఫ్రెండ్ ఇండియాలో ఉండగానే మొదటి నెల అద్దె, డిపాజిట్ కలిపి పంపేశాడు, ఇక్కడికొచ్చి ఆ అడ్రస్‌కి వెళ్తే ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరు. వాళ్ళ నాన్నగారికి చెప్పడానికి వారం పట్టింది వాడికి. ఈ మోసం తీరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. సిటీ మధ్యలో మంచి ఫ్లాట్, ఫొటోలు హోటల్ లాగా మెరుస్తుంటాయి, అద్దె మాత్రం నమ్మలేనంత తక్కువ. ఓనర్ వేరే దేశంలో ఉన్నానంటాడు, చూపించడానికి రాలేను, డబ్బు పంపితే తాళాలు కొరియర్‌లో పంపిస్తానంటాడు, నమ్మకం కోసం తన పాస్‌పోర్ట్ కాపీ కూడా పంపిస్తాడు. ఆ పాస్‌పోర్ట్ కూడా అంతకు ముందు మోసపోయిన ఎవరిదో అయ్యుంటుంది. కాబట్టి మీరో, ఆ ఊళ్ళో ఉన్న మీ మనిషో గది లోపలికి వెళ్ళి చూసేదాకా, కాంట్రాక్ట్ చేతికొచ్చేదాకా ఒక్క యూరో పంపొద్దు. మీ పాస్‌పోర్ట్ కాపీ కూడా ఎవరికి పడితే వాళ్ళకి పంపకండి. స్టుడీరెండెన్‌వెర్క్ వాళ్ళు కాంట్రాక్ట్ పంపి ముందే డిపాజిట్ అడిగితే అది మామూలే, అది వేరే సంగతి.

కాంట్రాక్ట్‌లో చూడాల్సిన మాటలు రెండు. కాల్ట్‌మీటె అంటే ఉత్త గది అద్దె, వార్మ్‌మీటె అంటే హీటింగ్, నీళ్ళు, చెత్త లాంటి ఖర్చులన్నీ కలిపి. యాడ్‌లో 300 అని చూసి సంతోషపడేలోపు అది కాల్ట్ అని తెలుస్తుంది, చేతిలోంచి పోయేది 400. కరెంటు, ఇంటర్నెట్ కలిశాయా లేదా అనేది విడిగా అడగాలి. డిపాజిట్ చట్టం ప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటె దాటకూడదు, దాన్ని మూడు నెలల వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. సామాన్లు లేని ఫ్లాట్ తీసుకుంటే మాత్రం జాగ్రత్త, ఇక్కడ అలాంటి ఇళ్ళలో చాలాసార్లు వంటగది కూడా ఉండదు. స్టవ్, సింకు, సీలింగ్‌కి లైటు, అన్నీ పాత అద్దెవాళ్ళు పీక్కుని వెళ్ళిపోతారు, గోడ మీద వైర్లు వేలాడుతుంటాయి. కొత్తగా వచ్చిన స్టూడెంట్ ఆ జోలికి పోకపోవడమే మంచిది.

డబ్బు లెక్క

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో పెట్టాల్సింది 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు, యూరో వంద రూపాయలు అనుకుంటే దాదాపు పన్నెండు లక్షలు. మీరు అప్లై చేసే టైమ్‌కి ఎంబసీ సైట్‌లో మళ్ళీ చూసుకోండి, ఈ అంకె మారుతూ ఉంటుంది. అందులోంచి నెలకి 992 యూరోలు మాత్రమే మీ చేతికొస్తాయి. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. మొదటి నెలలో అద్దె, డిపాజిట్, దుప్పట్లు, గిన్నెలు, సెమిస్టర్ ఫీజు అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఆ 992 కూడా ఇక్కడ బ్యాంక్ అకౌంట్ తెరిచి దాన్ని లింక్ చేశాకే వస్తుంది, దానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. అందుకే బ్లాక్డ్ అకౌంట్ కాకుండా విడిగా ఒక 1,500 నుంచి 2,000 యూరోలు ఫారెక్స్ కార్డ్‌లో పెట్టుకుని రండి. లోన్ తీసుకునేటప్పుడే ఈ మొత్తం కూడా కలిపి అడగండి, తర్వాత అడిగితే బ్యాంక్ వాళ్ళతో మళ్ళీ మొదటికొస్తుంది.

గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు అనేది చాలావరకు నిజమే, పూర్తిగా కాదు. బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో, అంటే స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె, హైడెల్‌బెర్గ్ ఉన్న చోట, మనలాంటి యూరప్ బయటి వాళ్ళకి 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోలు ఉంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 వింటర్ నుంచి ఫీజు పెట్టింది, మాస్టర్స్‌కి కోర్సును బట్టి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000. మిగతా చోట్ల సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ అనే సెమిస్టర్ ఫీజు మాత్రం కడితే చాలు, ఊరిని బట్టి వంద నుంచి మూడొందల యాభై దాకా, చాలా చోట్ల అందులోనే బస్సు, లోకల్ ట్రైన్ టికెట్ కూడా కలిసి ఉంటుంది. కన్సల్టెన్సీలో కూర్చోబెట్టి సులువుగా అడ్మిట్ వస్తుంది అని చెప్తే అది ప్రైవేట్ యూనివర్సిటీయా అని ముందు అడగండి, అక్కడ ఫీజు లక్షల్లోనే ఉంటుంది.

తక్కువ అద్దె ఉన్న ఊళ్ళో నెల లెక్క ఇలా ఉంటుంది: హాస్టల్ గది 300 పైన, హెల్త్ ఇన్సూరెన్స్ 140 పైన, ఇంట్లో వండుకుంటే తిండికి 180 నుంచి 200, ఫోన్ పది పదిహేను, సెమిస్టర్ ఫీజు నెలకి పంచితే ఓ యాభై. అన్నీ కలిపి ఏడొందల యాభైలో బయటపడొచ్చు, చలికోట్లు, బూట్లు లాంటివి విడిగా. ఇది కాక రేడియో, టీవీ కోసం ఇంటింటికీ నెలకి 18.36 యూరోల రుసుము ఉంది, రుండ్‌ఫుంక్ బైట్రాగ్ అంటారు. మా ఇంట్లో టీవీ లేదు అంటే కుదరదు, లెటర్ వస్తే చింపి పారేయొద్దు, బాకీ పేరుకుపోతుంది. ఫ్లాట్ మొత్తానికి ఒక్కటే కాబట్టి డబ్ల్యూజీలో ఉంటే పంచుకోండి.

పార్ట్‌టైమ్ చేసి అన్నీ కట్టేస్తా అనే ధీమాతో మాత్రం రావొద్దు. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు, కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 13.90 యూరోలు. రూల్ ప్రకారం బాగానే ఉంది, కానీ జర్మన్ రాకపోతే చిన్న ఊళ్ళో ఆ పని దొరకడానికే ఆరు నెలలు పట్టొచ్చు. మొదటి ఏడాది డబ్బు ఇంటి నుంచి తెచ్చుకున్నట్టే లెక్క వేసుకోండి. అందుకే హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్‌లోనో ఇంకెక్కడో జర్మన్ ఏ2 (రెండో లెవెల్) వరకైనా నేర్చుకుని రండి, కోర్సు ఇంగ్లీష్‌లోనే ఉన్నా సరే. యూనివర్సిటీలో ప్రొఫెసర్ల దగ్గర హీవీ, అంటే స్టూడెంట్ అసిస్టెంట్ పని దొరికితే అదే అన్నిటికన్నా మంచిది, ఆ 140 రోజుల లెక్కలోకి కూడా రాదు.

దిగిన మొదటి రెండు వారాలు

తాళాలు తీసుకునేటప్పుడు హౌస్‌మైస్టర్, అంటే బిల్డింగ్ చూసుకునే ఆయన, ఒక కాగితం మీద గది పరిస్థితి రాస్తాడు. తొందరపడి సంతకం పెట్టేయకండి. గోడ మీద గీత, పరుపు మీద మరక, కిటికీ గడియ వదులుగా ఉండటం, అన్నీ రాయించండి, ఫొటోలు తీసి మెయిల్‌లో దాచుకోండి. రెండేళ్ళ తర్వాత మీ డిపాజిట్‌ని కాపాడేది అదే.

అదే రోజు పోస్ట్ బాక్స్ మీద మీ పేరు అంటించండి. నవ్వొచ్చే విషయంలా ఉంటుంది గానీ ఇక్కడ పోస్ట్‌మ్యాన్ ఫ్లాట్ నంబర్ చూడడు, పేరు చూస్తాడు. మనకి ఇంటిపేరు ఒకటి, పిలుపు పేరు ఒకటి, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ కాలమ్‌లో ఏది పడిందో కూడా చాలామందికి గుర్తుండదు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రెండూ రాయండి. నా బ్యాంక్ పిన్ రెండు సార్లు వెనక్కి పోయింది దీని వల్లే.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆన్‌మెల్డుంగ్ చేయాలి. అపాయింట్‌మెంట్లు పెద్ద ఊళ్ళలో నెల తర్వాత దొరుకుతాయి కాబట్టి అడ్రస్ ఖాయం అవగానే ఇండియా నుంచే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి. వీసా గడువు అయిపోయేలోపు రెసిడెన్స్ పర్మిట్‌కి కూడా అప్లై చేసి ఉండాలి, ఆ ఆఫీసు రిప్లై ఇవ్వడానికి నెలలు తీసుకోవచ్చు, మీరు పంపిన మెయిల్ ప్రింట్ దగ్గర ఉంచుకోండి. గది మాత్రం అప్పటికీ దొరకకపోతే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్ళి నేరుగా చెప్పండి, కొన్ని ఊళ్ళలో సెమిస్టర్ మొదట్లో ఎమర్జెన్సీగా పడుకోడానికి చోటు ఏర్పాటు చేస్తారు. సిగ్గుపడి రైల్వే స్టేషన్లో కూర్చోవద్దు.

లగేజ్‌లో ఆవకాయ, కారప్పొడులు, కందిపొడి తెచ్చుకోండి, గట్టిగా ప్యాక్ చేసి. కానీ నెయ్యి, కోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తేవొద్దు, యూరప్ బయట నుంచి పాల పదార్థాలు, మాంసం తేవడానికి లేదు, కస్టమ్స్‌లో పారబోస్తారు. అమ్మ చేసిన నెయ్యి అలా పోతే ప్రాణం ఉసూరుమంటుంది. బటర్ ఇక్కడ బాగుంటుంది, కాచుకోండి. కుక్కర్, రైస్ కుక్కర్ తెచ్చుకోవచ్చు, వోల్టేజ్ ఒకటే, ప్లగ్ మాత్రం వేరు కాబట్టి రెండు అడాప్టర్లు పెట్టుకోండి.

ఇక అక్కడ బతకడం

షేరింగ్ కిచెన్‌లో పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవండి, తలుపు మూయండి. ఎండుమిరపకాయల ఘాటుకి స్మోక్ అలారం మోగి ఫైర్ ఇంజిన్ వస్తే కొన్నిసార్లు ఆ బిల్లు కూడా మీదే అవుతుంది. చలికాలంలో కూడా రోజుకి రెండు మూడు సార్లు కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు గాలి ఆడనివ్వాలి, దీన్ని ల్యూఫ్టెన్ అంటారు. అన్నం ఆవిరి, ఆరేసిన బట్టల తేమ లోపలే ఉండిపోతే గోడకి బూజు పడుతుంది, డిపాజిట్‌లో కోత పడుతుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు, ఆదివారం మొత్తం, గట్టిగా మాట్లాడటం, వాక్యూమ్ వేయడం కుదరదు. ఆదివారం షాపులు కూడా మూసేస్తారు, శనివారం సాయంత్రానికే పాలు, పెరుగు, కూరగాయలు తెచ్చి పెట్టుకోవాలి. తాళం చెవి లోపల మర్చిపోయి తలుపు లాగితే అదే లాక్ అయిపోతుంది, తాళాలు తీసేవాడిని పిలిస్తే రాత్రిపూట వందల యూరోలు అడుగుతాడు, ఇంకో తాళం చెవి నమ్మకమైన ఫ్రెండ్ దగ్గర ఉంచండి.

చదువు గురించి ఒక్క హెచ్చరిక. క్లాసుకి రాకపోయినా చాలా సబ్జెక్టుల్లో ఎవరూ అడగరు, అటెండెన్స్ షార్టేజ్ అనే మాటే వినపడదు, అది చూసి మోసపోకండి. పరీక్షకి మీరే పోర్టల్‌లో గడువులోపు రిజిస్టర్ చేసుకోవాలి, మర్చిపోతే రాయనివ్వరు. మార్కులు 1.0 అంటే టాప్, 4.0 అంటే పాస్, 5.0 అంటే ఫెయిల్. సప్లీలు ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు అనే మన లెక్క ఇక్కడ చెల్లదు. చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకి మూడు ఛాన్సులే, తప్పనిసరి సబ్జెక్టులో మూడోసారి కూడా పోతే ఆ కోర్సు నుంచే తీసేస్తారు, అదే కోర్సు జర్మనీలో ఇంకోచోట చదవడం కూడా కుదరదు, వీసా కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టులు ఎత్తుకోకుండా నాలుగు తీసుకుని గట్టిగా పాసవ్వండి, గది వెతుకులాట, చలి, సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ఇవన్నీ కూడా ఆ సెమిస్టర్‌లోనే ఉంటాయి కదా. నవంబర్‌లో ఒంటరిగా అనిపిస్తే గదిలోనే ఉండిపోకండి, చాలా స్టుడీరెండెన్‌వెర్క్‌లలో స్టూడెంట్ల కోసం ఫ్రీ కౌన్సెలింగ్ ఉంది, ఇంగ్లీష్‌లో కూడా మాట్లాడతారు.

గది మారేటప్పుడో చదువు అయిపోయాకో ఖాళీ చేయాలంటే బయట ఇళ్ళకి మామూలుగా మూడు నెలల ముందు రాతపూర్వకంగా నోటీస్ ఇవ్వాలి, సంతకం పెట్టిన లెటర్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. హాస్టళ్ళకి తేదీల రూల్ వేరేగా ఉంటుంది, కాంట్రాక్ట్‌లో చూడండి. డిపాజిట్ తాళాలు ఇచ్చిన రోజే చేతికి రాదు, కొన్ని నెలలు పడుతుంది, అందుకని ఇండియాకి వచ్చేస్తున్నా కూడా ఆ డబ్బు పడేదాకా ఇక్కడి బ్యాంక్ అకౌంట్ మూసేయకండి.